‘తల్లి కోరిక’ అని ఉన్న గడిలో

పసిపిల్లల వార్డులో ముప్పై రెండేళ్లు పనిచేసి హెడ్ నర్సుగా పదవీ విరమణ చేశాను. ఇప్పుడు బుక్కరాయసముద్రంలో ఉంటున్నాను. నర్సింగు చదివే అమ్మాయిలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, "మేడమ్, మీరు బతికించిన వాళ్లలో బాగా గుర్తుండిపోయిన బిడ్డ ఎవరు?" అని అడుగుతుంటారు. నాకు మొదట గుర్తొచ్చేది మేము బతికించలేమని ముందే తెలిసిన బిడ్డ. ఆ మాట అనగానే వాళ్ల ముఖాలు వాడిపోతాయి. పూర్తిగా వింటే వాడిపోవు. కానీ పూర్తిగా చెప్పేలోగా వాళ్ల బస్సుకు వేళవుతుంది. అందుకే రాస్తున్నాను.

డ్యూటీ దిగాక రోజుకు ఐదారు వరుసలు డైరీ రాయడం ఉద్యోగంలో చేరిన మొదటి వారం నుంచీ నాకు అలవాటు. ఎవరేమన్నారో ఆ మాటల్లోనే రాసుకునేదాన్ని. ఇది ఆ డైరీలు ముందు పెట్టుకుని రాస్తున్నదే. పేర్లు మాత్రం రాయను. వాళ్ల ఊరు కుందుర్పి వైపు అని చెబితే చాలు.

నా సర్వీసు ఇంకో మూడేళ్లు ఉందనగా మా వార్డుకు కొత్తగా పిల్లల డాక్టరు వచ్చాడు. గోదావరి వైపు మనిషి. ప్రతి మాటకూ ‘అండి’ తగిలించేవాడు. వచ్చిన నెలలోనే తెలుగులో తానే టైపు చేసుకున్న ఒక కాగితం నా బల్ల మీద పెట్టాడు. పుట్టబోయే బిడ్డకు నయం కాని జబ్బు ఉందనీ, ఎక్కువ కాలం బతకదనీ స్కానింగులోనే తెలిస్తే, కాన్పు రోజున ఏం చేయాలో, ఏం చేయకూడదో ముందుగానే కుటుంబంతో కూర్చుని రాసుకునే కాగితం అది. అటూ ఇటూ రెండు పేజీలు, నిండా గడులు.

"ఏమీ చేయలేమని చెప్పడానికి రెండు పేజీలెందుకు సార్?" అన్నాను.

"ఏమేం చేయగలమో రాయడానికండి. రెండు పేజీలు చాలవేమోనని భయపడుతున్నాను," అన్నాడు.

కుర్రతనం అనుకున్నాను. అంతవరకూ మా పద్ధతి వేరు. నిలవదనుకున్న బిడ్డ పుడితే, ప్రాణం పోయేదాకా ఒక మూల వెచ్చగా ఉంచి, తర్వాత బట్టలో చుట్టి, పక్క తలుపు నుంచి తండ్రికో మేనమామకో ఇచ్చేవాళ్లం. తల్లికి చూపించేవాళ్లం కాదు. చూస్తే మనసులోంచి పోదని పెద్దవాళ్లు అనేవాళ్లు, మేమూ అదే అనేవాళ్లం. అన్నీ రాసుకునే మనిషిని నేను. అలా ఎంతమంది బిడ్డలను ఆ తలుపు నుంచి ఇచ్చానో మాత్రం ఎక్కడా రాసుకోలేదు.

ఆ భార్యాభర్తలు ఏడో నెలలో వచ్చారు. వేరుశనగ వేసుకునే నాలుగెకరాల మెట్ట. మొదటి కాన్పు. అమ్మాయికి ఇరవై రెండేళ్లు, పది దాకా చదివింది. స్కానింగులో బిడ్డ గుండెలో పెద్ద రంధ్రాలు కనిపించాయి. బెంగళూరుకు పంపిన పరీక్షలో, లోపం గుండెలోనే కాదు, ఒంట్లో ప్రతి కణంలోనూ ఉందని తేలింది. డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కడుపులోనే పోవచ్చు, పుడితే గంటలు కావచ్చు, రోజులు కావచ్చు, నెలలు దాటేవాళ్లు అరుదు. చట్టం ప్రకారం వైద్యుల బోర్డు ముందుకు వెళ్లి కడుపు తీయించుకునే వీలుందని కూడా చెప్పాడు.

అమ్మాయి అంతా విని కడుపు మీద చెయ్యి వేసుకుంది. తర్వాత, "లోపల తంతాండాది సార్. ఉన్నన్ని దినాలు ఉండనీ," అంది.

కాగితం నింపే పని డాక్టరు నాకు అప్పగించాడు. ఈ ప్రాంతపు మాట, మనుషులు నాకు తెలుసని. ఆ రోజు అమ్మాయిని బయట బెంచీ మీద కూర్చోమని చెప్పి, అత్త నా గదిలోకి వచ్చింది. వెనక భర్త.

"దానికి ఇవన్నీ చెప్పొద్దు సిస్టరమ్మా. కడుపుతో ఉండే మనిషి. ఏమన్నా అడగాలంటే నన్నడుగు."

నేను అడిగాను. ముప్పై ఏళ్లుగా వార్డులో ఏదైనా పెద్దవాళ్లనే అడగడం నా అలవాటు. కాగితంలో ‘తల్లి కోరిక’ అని ఐదు చోట్ల గడులున్నాయి. ప్రతి గడికీ అత్త జవాబు చెప్పింది. తల్లికి చూపించవద్దు. పేరు పెట్టవద్దు. ఇంటికి తీసుకుపోయే పని లేదు. బట్టలో చుట్టి మా చేతికివ్వండి. నేను గుండ్రటి అక్షరాలతో రాస్తూ పోయాను. మధ్యలో ఒకసారి భర్తను, "నువ్వేమంటావప్పా?" అన్నాను.

"మాయమ్మ చెప్పినట్లే," అన్నాడు నేల చూస్తూ.

ఒక ప్రతి కేసుషీటులో పెట్టి, ఇంకొకటి వాళ్లకిచ్చాను. ఆ సాయంత్రం డైరీలో ఇలా ఉంది: "కొత్త కాగితం మొదటిసారి నింపాను. ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. ఒక్క గడి కూడా ఖాళీ లేదు." ఇప్పుడు ఆ వరుసలు చదివితే చెవులు వేడెక్కుతాయి. ఆ ఇరవై ఐదు నిమిషాలూ ఆ తల్లి నా తలుపుకు ఆరడుగుల దూరంలో కూర్చుని ఉంది.

వారం తిరక్కముందే ఆ అమ్మాయి నా గదిలోకి వచ్చింది. ఈసారి తనే ముందు, వెనక అత్త, మొగుడు. మడతపెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచింది. ఐదు గడుల్లోనూ నేను రాసినదంతా నీలం సిరాతో కొట్టేసి ఉంది.

"ఇది ఎవరు రాసినారు సిస్టర్?"

"నేనేమ్మా."

"‘తల్లి కోరిక, బిడ్డను చూపించవద్దు’ అని ఉండాది. ఈ తల్లి ఎవరు?"

కాగితం నా వైపు తిప్పుకున్నాను. గీతల కింద నా గుండ్రటి అక్షరాలే.

"నేను ఈడ్నే బయట బెంచీ మీద ఉంటిని గదా. లోపలికి పిలిస్తే రానంటినా?"

"ఆయమ్మ మీద అరుస్తావేం మే? చెప్పింది నేను," అంది అత్త.

"నువ్వు చెప్తే అత్త కోరిక అని రాసుకోవాల. నా పేరు కింద యాల రాసేది?"

డ్యూటీలో నా తప్పులు నేను సరిదిద్దుకున్న సందర్భాలున్నాయి గానీ, ఒక పేషెంటు నా రాత మీద గీత కొట్టి ముందు పెట్టడం అదే మొదలు. "తప్పు నాదేనమ్మా. కూర్చో. మళ్లీ మొదటి నుంచి రాద్దాం," అన్నాను. కొత్త కాగితం తీశాను. డాక్టరును కూడా పిలిపించాను. ఈసారి అత్తనూ మొగుణ్ణీ పక్క కుర్చీల్లో కూర్చోబెట్టి, ప్రతి ప్రశ్నా ఆ అమ్మాయి ముఖం చూసి అడిగాను.

గొంతులో పైపు వేసి మిషను పెట్టాలా? వద్దు. చేతనైనంత ఊపిరి అదే తీసుకోనీ. నొప్పి, ఆయాసం తెలియకుండా మందు ఇవ్వాలా? ఇయ్యాల, అది మాత్రం ఇయ్యాల. పుట్టగానే ఎక్కడ ఉంచాలి? "నా గుండెల మీద. ఇంగ యాడా వద్దు."

పేరు దగ్గరికి వచ్చేసరికి అత్త ఆగలేకపోయింది. "పదకొండో దినం గాకుండా పేరెట్ల పెడతారు? పేరు పెట్టి పిలిస్తే దానికి పోయేదానికి కాళ్లాడవు, మనకి మర్చిపోయేదానికి కాదు."

"పదకొండు దినాలు ఉంటాదని ఈ సారు రాసిస్తే ఆగుదాంలే అత్తా," అంది కోడలు. డాక్టరు వైపు తిరిగి, "రాసిస్తావా సార్?"

"నేను రాయలేనండి," అన్నాడతను పాపం, నిజంగానే భయపడి.

"సూడు, అండీ సారు గూడా రాయలేడంట," అంది అమ్మాయి. మొగుడు నవ్వాడు. ఆ పిల్లవాడి నవ్వు అప్పుడే మొదటిసారి చూశాను.

అత్త నవ్వలేదు. ముంగొంగు వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. చివరికి కొడుకు వైపు చెయ్యి చూపించి, "వీనికంటే ముందు నాకి ఒగ బిడ్డ," అంది. "పుట్టంగానే పాయె. చూస్తే మనసులోంచి పోదని చూపియ్యలే. సరే, చూడలే. ముప్పై ఏండ్లాయె. పోయిందా? మగబిడ్డో ఆడబిడ్డో అది గూడా చెప్పలే. చెప్తే ఏడుస్తానని."

కొడుకు తలెత్తి తల్లిని చూశాడు. అతనికీ ఆ సంగతి తెలియదు.

కోడలు మెల్లగా అడిగింది. "మరి నాకి గూడా అదే ఎందుకు రాయిస్తివి అత్తా?"

"నాకి తెలిసింది అదొక్కటే గద మే."

ఏ ఆస్పత్రిలో అని నేను ఆమెను అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

ఆ రోజు కాగితం పూర్తి కావడానికి గంటన్నర పట్టింది. బిడ్డ పుట్టగానే తండ్రి దాని చెవిలో పేరు చెప్పాలి. బిడ్డ ఊపిరి నిలదొక్కుకుంటే, ఆస్పత్రి గది నుంచి ఇంటికి తీసుకుపోవాలి. "ఒగ దినమైనా మా ఇంట్లో ఉండాల" అని తల్లి చెప్పినది చెప్పినట్టే రాశాను. రెండు గడులు ఖాళీగా మిగిలాయి. "అవి ఇప్పుడు తెలీదు సిస్టర్, పుట్టినాక చెప్తా," అంది. ఖాళీగానే ఉంచాను.

నెప్పులు మూడు వారాలు ముందే వచ్చాయి. అదీ ఎలాంటి రోజున! నెల రోజులుగా వాన మొగులు కోసం చూసి చూసి విసిగిపోయిన నేల మీద అంతకు ముందు రోజే వాన కురిసింది. మన వైపు విత్తనం వేసే పదును, అంటే నేలలో తడి, రెండు రోజులుంటే గొప్ప. తెల్లవారేసరికి ఊరు ఊరంతా చేలల్లో ఉంది. అత్తా కోడలూ అంబులెన్సులో వచ్చారు. మొగుడు చేలో విత్తనం వేసే గొర్రు దగ్గర ఉన్నాడు, కబురు పంపామని అత్త చెప్పింది.

పొద్దున పది దాటాక ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోలు లేదు. పిడికిళ్లు గట్టిగా బిగించి, చూపుడు వేలు మిగతా వేళ్ల మీదికి మడుచుకుని ఉంది. ఏడవలేదు. ఒళ్లు తుడిచాను, నోరు శుభ్రం చేశాను. నీలంగా ఉంది. నా చెయ్యి నన్ను అడక్కుండానే పైపులున్న ట్రే మీదికి పోయింది. కాగితం రాసింది నేను. అందులో ‘వద్దు’ అని రాసిన చేతే అది. డాక్టరు నా మణికట్టు మీద వేలు ఆనించి, "అమ్మా, తల్లి దగ్గరికి," అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు.

బిడ్డను తల్లి గుండెల మీద బోర్లించి, టోపీ పెట్టి, పైన దుప్పటి కప్పాను. ముక్కు దగ్గర కాస్త ఆక్సిజను గొట్టం పట్టుకుని నిలబడ్డాను. ఒక నిమిషం గడిచింది. అప్పుడు పిల్లికూన కూసినట్టు ఒక చిన్న కూత వచ్చింది. ఇంకొకటి. నీలం మెల్లగా వదులుతోంది.

"పేరు," అంది తల్లి. "ఆయన యాడ?"

మొగుడు రాలేదు. ఇంకా దారిలో ఉన్నాడు. బిడ్డ ఊపిరి ఆగి ఆగి వస్తోంది. కాగితంలో ‘తండ్రి చెప్పాలి’ అని ఉంది. నేను రాసిన దానికి కట్టుబడే మనిషిని. ఒక్క క్షణం ఆ కాగితం ఎలా పాటించాలో తోచలేదు. ఈసారి మాత్రం పెద్దవాళ్ల వైపు చూడలేదు. తల్లి ముఖం చూశాను.

"అత్తను పిలువు సిస్టర్," అంది.

అత్త గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. "నేను వద్దన్నదాన్ని గదే. నా నోటితో యాల?"

"వద్దన్నా చూస్తాండావు గదా. రా అత్తా. మనమరాలు ఎదురు చూస్తాండాది."

ఆమె వచ్చి వంగింది. బిడ్డ చెవి దగ్గర నోరు పెట్టి ఆ పేరు చెప్పింది. మొదటిసారి నాకు కూడా వినపడలేదు. రెండోసారి వినపడింది. మూడోసారి ఎంత గట్టిగా చెప్పిందంటే, పక్క బల్ల మీద నెప్పులు పడుతున్న ఆడమనిషి మూలగడం ఆపి, "ఎవరికి పేరు పెడతాండారు?" అని అడిగింది. "నా మనమరాలికి!" అంది అత్త, అటు తిరిగి.

ఆ పేరు నా డైరీలో ఉంది.

మొగుడు మధ్యాహ్నానికి వచ్చాడు. మోకాళ్ల దాకా ఎర్రమట్టి. "సగం చేను ఏసినా సిస్టర్. మిగిలింది పక్క చేనోళ్లు ఏస్తామని నన్ను తరిమినారు," అన్నాడు. చేతులు కడుక్కోమంటే కడుక్కున్నాడు, చాలలేదనుకుని మళ్లీ కడుక్కున్నాడు, మూడోసారి కూడా పోతుంటే అతని తల్లి కసిరింది. "ఎంతసేపు కడుగుతావురా? బిడ్డను ఎత్తుకుంటావా, చేతులే చూసుకుంటావా? పేరు నేను చెప్పేసినా. నీ పని ఎత్తుకునేదే."

గంటలన్నారు. రెండో రోజు వచ్చింది. రొమ్ము పట్టి తాగే శక్తి లేదు. తల్లి పాలు పిండి ఉగ్గుగిన్నెతో చుక్క చుక్కగా పోయడం నేర్పాను. అత్త పక్కకు పిలిచి, అందులో రవ్వంత ఆముదం కలపొచ్చా అని అడిగింది. ముప్పై ఏళ్లుగా నేను వద్దని పోట్లాడుతున్న ఉగ్గు అది. నేను నోరు తెరిచేలోగా కోడలు మంచం మీద నుంచే, "కాగితంలో ఆముదం లేదత్తా," అంది. అత్త నా వైపు చూసి, "కాగితం రాసినాక ఇది కలెక్టరైపాయె," అని గొణుక్కుంటూ గిన్నె కడగడానికి పోయింది.

నాలుగో రోజు ఇంటికి పంపాం. ఆయాసానికి వేయాల్సిన మందు చుక్కలు, ఎప్పుడు ఎన్ని వేయాలో రాసిన చీటీ, మా ఫోను నంబర్లు ఇచ్చాం. వాళ్ల ఊరి ఆరోగ్య కార్యకర్తకు చెప్పి పెట్టాం. వెల్లకిలా పడుకోబెడితే బిడ్డకు రంగు మారుతోంది, భుజానికి ఆనించి నిలువుగా ఎత్తుకుంటే ఊపిరి బాగా ఆడుతోంది. కాబట్టి ఎక్కువసేపు ఎత్తుకునే ఉండండి, మీరిద్దరూ వంతులు వేసుకోండి అని భార్యాభర్తలకు చెప్పాను. అప్పటికీ నా లెక్క ఇద్దరి దగ్గరే ఆగింది.

రెండు వారాల తర్వాత, సెలవు రోజున, డాక్టరూ నేనూ బస్సులో కళ్యాణదుర్గం మీదుగా వాళ్ల ఊరికి వెళ్లాం. నా సంచిలో నొప్పి మందు అదనంగా ఉంది, చివరి గంటల్లో ఏం చేయాలో వాళ్లకు చెప్పడానికి తయారు చేసుకున్న మాటలు కూడా ఉన్నాయి. ఆ ఇంటి తలుపు తీసి ఉంది. లోపల తల్లి గోడవారగా పడుకుని గుర్రుపెట్టి నిద్రపోతోంది. బిడ్డ లేదు. ఆలస్యంగా వచ్చామనుకున్నాను.

"వచ్చినారా సిస్టరమ్మా! పాప నాలుగో ఇంట్లో ఉండాది," అంటూ అత్త వెనక నుంచి వచ్చింది. "ఇప్పుడు వాళ్ల వంతు."

తలుపు రెక్క మీద సుద్దముక్కతో రాసిన పట్టిక చూపించింది. కోడలి రాత. గంటలు లేవు. బర్రెల పాలు పిండినాక ఒకరు, పొద్దున బస్సు పోయినాక ఒకరు, కలుపు నుంచి వచ్చినాక ఒకరు. పదకొండు ఇళ్ల పేర్లు. వీధిలో ముసలమ్మలు, బడి ఈడు దాటిన ఆడపిల్లలు, చర్చికి పోయేవాళ్లు, గుడికి పోయేవాళ్లు అందరూ ఉన్నారు. బిడ్డ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఒక్క క్షణం కూడా చేతుల్లోంచి కిందికి దిగలేదట. నా ఉద్యోగంలో ఎన్నో డ్యూటీ పట్టికలు వేశాను. ఒక్కరు కూడా ఎగ్గొట్టని పట్టిక అదొక్కటే చూశాను.

నాలుగో ఇంట్లో ఒక పెద్దావిడ వాకిట్లో కూర్చుని బిడ్డను భుజాన వేసుకుని ఊరి కబుర్లన్నీ దానికి చెబుతోంది. బిడ్డ కళ్లు తెరిచి ఉంది. డాక్టరు పరీక్ష చేయడానికి చేయి చాపాడు. "ఎత్తుకో అప్పా, కానీ నా వంతు అయిపోలేదు, మళ్లీ ఇయ్యాల," అందావిడ. అతను స్టెతస్కోపు జేబులో పెట్టేసుకుని, ఇరవై నిమిషాలు ఊరికే ఎత్తుకుని కూర్చున్నాడు. తర్వాత నేను ఎత్తుకున్నాను. తయారు చేసుకున్న మాటలను, తల్లి లేచాక, ఆమె అడిగినంత మేరకే చెప్పాను. అప్పుడే ఆ రెండు ఖాళీ గడులు కూడా నింపించింది. ఒకటి, చివరికి ఆస్పత్రికి తీసుకురాము. రెండు, పూడ్చేది మా చేనులోనే.

ఇరవై మూడో రోజు పొద్దున, పాలు పోశాక, తండ్రి భుజం మీద బిడ్డ ఊపిరి ఆగింది. ఆయాసం లేదు. కొత్తగా మొలకెత్తిన వేరుశనగ చాళ్ల పక్కన గట్టు మీద పూడ్చారు. ఫోనులో తల్లి ఏడుస్తూనే చెప్పింది. "అందరూ చూసినారు సిస్టర్. అందరూ ఎత్తుకున్నారు."

కొత్తగా ఉద్యోగంలో చేరే అమ్మాయిలకు నేను చెప్పగలిగింది పెద్ద విద్యేమీ కాదు. మందులు, మోతాదులు మీకు నాకంటే బాగా తెలుస్తాయి. గడి మీద ఎవరి పేరుంటే వాళ్లనే అడగండి. బయట బెంచీ మీద ఉంటే లేచి వెళ్లి పిలవండి. తెలీదంటే ఖాళీగా వదలండి. నాకు ఈ ముక్క తెలియడానికి ముప్పై ఏళ్లు పట్టింది, అది కూడా పదో తరగతి చదివిన పిల్ల తిడితే తెలిసింది. ఆ తర్వాత నా మిగతా సర్వీసులో అలాంటి కాగితాలు మరికొన్ని కుటుంబాలతో రాశాను. ఏ రెండూ ఒకలా లేవు. ఆ పక్క తలుపుకు తాళం వేయించాం.

నేను విరమణ చేయబోయే నెలలో ఆ అత్తాకోడళ్లు గర్భిణుల ఓపీకి వచ్చారు. కోడలికి ఐదో నెల. స్కానింగు చూసి, ఈ బిడ్డ గుండె బాగుందని డాక్టరు అప్పటికే చెప్పి పంపాడు. పేర్లు రాసే బల్ల దగ్గర, నేను వాళ్ల పక్కన ఉండగానే, కొత్తగా చేరిన నర్సు తల వంచుకుని రాస్తూ, అత్త వైపే ప్రశ్న విసిరింది.

"పిల్లలెంతమంది?"

అత్త వేలితో కోడలిని చూపించింది. "ఆయమ్మనడుగు. తల్లి ఆయమ్మ."

నర్సు తలెత్తింది. "పిల్లలెంతమందమ్మా?"

"ఒగ పాప," అంది కోడలు. పేరు కూడా చెప్పింది.

"ఇప్పుడు పాప ఎక్కడుంది?"

"లేదు. ఇరవై మూడు దినాలు ఉండె."

నర్సుకు ఏం రాయాలో తెలియలేదు. కాగితంలో ఉన్న ఒక్క గడిలో బతికి ఉన్న పిల్లల సంఖ్యే రాయాలి. పెన్ను పట్టుకుని నా వైపు చూసింది. నేను ఏదో చెప్పబోయాను. ఆ లోపలే అత్త బల్ల మీదికి వంగి, కాగితం అంచున ఖాళీగా ఉన్న చోటు వేలితో తట్టింది.

"ఈడ శానా జాగా ఉండాది గదమ్మా. రాయి. నేను చెప్తా, పేరు మూడుసార్లు చెప్పినదాన్ని నేనే."